గోఫర్ డ్యూన్స్ ఇసుక, మా కొండపి ఇసుక

కెనడాలో ఆంటారియో రాష్ట్రంలో ఢిల్లీ అనే ఊరు ఒకటుంది. మనం పలికినట్టు పలికితే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, "డెల్-హై" అనాలి. మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు నేనూ అందరిలాగే ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టి నవ్వుకున్నాను. రెండోసారి అటు వెళ్ళినప్పుడు నవ్వు రాలేదు. రోడ్డు పక్క పొలంలో వరసగా నాలుగు బ్యారన్లు. పొగాకు ఆకుని సెగ పెట్టి ఆరబెట్టే బ్యారన్లే. ప్రకాశం జిల్లా కొండపి దగ్గర మా నాన్న రాత్రంతా మేలుకుని కట్టెలు ఎగదోసిన బ్యారన్‌కి అన్నదమ్ముల్లా ఉన్నాయి. మాది ఇటుకలది, ఇవి చెక్కవి, అంతే తేడా.

కారు ఆపి దిగాను. కాలి కింద తేలిక నేల. పిడికిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. ఎప్పుడో హిమనదాలు కరిగి పారినప్పుడు తెచ్చి పోసిన ఇసుక ఇదంతా. నార్‌ఫక్ ఇసుక మైదానం అంటారు. 1920లలో ఈ నేలలో వర్జీనియా పొగాకు వెయ్యడం మొదలుపెట్టారు, ఊళ్ళు బాగుపడ్డాయి. తర్వాత సిగరెట్లకి గిరాకీ పడిపోయింది. 2008లో ప్రభుత్వం, సాగు మానేసే రైతుల దగ్గర కోటాలు కొనేసే పథకం తెచ్చింది. ఇప్పటికీ పొగాకు వేసేవాళ్ళు ఉన్నారుగానీ చాలా బ్యారన్లలో ఆకు వాసన పోయింది.

ఆ బ్యారన్ల మధ్యనే, కోర్ట్‌లాండ్ అనే చిన్న ఊరి పక్కన, అదే ఇసుకలో గోఫర్ డ్యూన్స్ ఉంది. కెనడాలో మోటోక్రాస్ అనే మట్టి బైకు పందెం నడిపే ప్రతివాడికీ మూడు చెరువుల నీళ్ళు తాగించే ట్రాక్ అది. పొగాకు రైతు బిడ్డని, వేరే పందెం ఏదైనా అయితే ఒకసారి చూసి వచ్చేసేవాణ్ణేమో. ఈ ఇసుక చూశాక వదల్లేకపోయాను.

ఈ 2022 అంతా నేను మోటోక్రాస్ వెంట తిరిగాను. ప్రేక్షకుడిగా కొన్ని వారాలు, జెండా పట్టుకుని కొన్ని వారాలు, మా అమ్మాయి బండి కడిగే కూలీగా చాలా వారాలు. బయట మంచు పడుతోంది, గరాజ్‌లో బండి మీద దుప్పటి కప్పేశాను, ఇక మే దాకా పని లేదు. కూర్చుని లెక్క చూసుకుంటుంటే, ఏడాది పొడుగునా నా చుట్టూ జరిగిన వాదన ఒకటి మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తోంది. దానికి జవాబు ఎప్పుడూ నోటికి సరిగ్గా రాలేదు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. అమెరికా రేసులు ఒక్కటి కూడా వదలకుండా చూస్తాడు. సోమవారం కాఫీ దగ్గర నన్ను చూడగానే మొదలుపెడతాడు. "మీ కెనడా చాంపియన్ని సరిహద్దు దాటించు, పదో స్థానం వస్తే గొప్ప. దానికోసం నువ్వు పెట్రోలు తగలేసుకుని పోతావా?" పెట్రోలు మాట నిజమే, ఈ జూన్‌లో ఆంటారియోలో లీటరు 2 డాలర్లు దాటింది. పదో స్థానం మాట కూడా దాదాపు నిజమే. అమెరికా జాతీయ మోటోక్రాస్‌లో పెద్ద క్లాసు టైటిల్ ఇప్పటిదాకా ఒక్క కెనడియన్ కూడా గెలవలేదు. పైగా అక్కడినుంచి వచ్చి ఇక్కడ టైటిల్ పట్టుకెళ్ళిన వాళ్ళున్నారు, మ్యాట్ గోర్కి లాగ.

కాబట్టి ఆయన చెప్పేది అబద్ధం కాదు. కాని ఆయన కొలిచే కుంచమే వేరు.

ముందు ఈ ఆట గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మోటోక్రాస్ అంటే మట్టిలో, గుట్టల మీద, ఆరుబయట ట్రాక్ మీద బైకు పందెం. పెద్ద క్లాసు 450 సీసీ, చిన్న క్లాసు 250. బండి బరువు 110 కిలోల దాకా ఉంటుంది. రోజుకి రెండు పరుగులు, మోటోలు అంటారు, ఒక్కోటి సుమారు అరగంట. రెంటి ఫలితం కలిపితే ఆ రోజు లెక్క తేలుతుంది. ఇద్దరికి సరిసమానమైతే రెండో మోటోలో ముందున్నవాడిదే రోజు. వినడానికి అరగంటే. చేతులు బిగుసుకుపోయి, ముంజేయి రాయిలా గట్టిపడి, వేళ్ళు బ్రేకు మీదకి పోనంటాయి. దాన్ని ఇక్కడ "ఆర్మ్ పంప్" అంటారు. పదిహేనో నిమిషం దాటాక ఎవడు పోటీదారో ఎవడు వట్టి బండి మీద కూర్చున్నవాడో తెలిసిపోతుంది.

కెనడాలో జాతీయ సిరీస్ ఇప్పుడు ట్రిపుల్ క్రౌన్ అనే పేరుతో నడుస్తోంది. 2018లో మొదలైంది. ఇండోర్ అరీనాక్రాస్, ఆరుబయటి మోటోక్రాస్, స్టేడియం సూపర్‌క్రాస్, ఈ మూడూ కలిపి మూడు కిరీటాలన్నమాట. నాకు మోటోక్రాస్ ఒక్కటే పట్టింపు. మిగతా రెండూ లైట్ల కింద జరిగే పెళ్ళి రిసెప్షన్ లాంటివి, ఇది పొలంలో జరిగే పెళ్ళి.

ఇక ఈ ఏడాది 450 టైటిల్ ఎవరిదంటే డిలన్ రైట్‌ది. నిరుడూ అతనిదే. అంతకు ముందు 2019లో, 2020లో 250 టైటిల్ కూడా అతనిదే. ఒట్టావా పక్కన రిచ్‌మండ్ అనే ఊరి కుర్రాడు. జాతీయ సిరీస్ రౌండ్లు జరిగే సాండ్ డెల్ లీ ట్రాక్ ఆ ఊళ్ళోనే ఉంది. అతను నడిపే హోండా జట్టు పేరులో జీడీఆర్ అని ఉంటుంది, గోఫర్ డ్యూన్స్ రేసింగ్. ట్రాక్ యజమానిదే జట్టు. 250 క్లాసులో పేరు వినపడే రైడర్ మెక్‌నాబ్ అనే కుర్రాడిది మానిటోబాలో మిన్నెడోసా. పేరే రైడర్, ఆ తల్లిదండ్రుల ముందుచూపుకి దణ్ణం పెట్టాలి. మిన్నెడోసా దగ్గరున్న మెక్‌నాబ్ వ్యాలీ ట్రాక్ వాళ్ళ కుటుంబానిదే. హ్యూరన్ కౌంటీలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న వాల్టన్ రేస్‌వే కూడా ఒక కుటుంబం తమ పొలంలో కట్టుకున్నదే.

ఈ పేర్లన్నీ ఒకచోట ఎందుకు పెట్టానంటే, నేను చెప్పదలుచుకున్నది వాటిల్లోనే ఉంది. కెనడా మోటోక్రాస్‌ని మోస్తున్నది పట్టుమని పది పన్నెండు ట్రాకులు, అందులో చాలావరకు ఏదో ఒక ఇంటివాళ్ళవి. మిగతావి కాల్గరీలో వైల్డ్ రోజ్ లాగా క్లబ్బు సభ్యులు చందాలతో, చాకిరీతో నిలబెట్టుకుంటున్నవి. ఒక ఇంట్లో అన్నదమ్ములకి పడకపోతే, ఒక పెద్దాయనకి నడుం పడిపోతే, ఒక సీజన్లో ఇన్సూరెన్సు ప్రీమియం మోయలేనంత అయితే, దేశపటంలో ఆ పక్కంతా ఆట ఆగిపోతుంది. అలాంటప్పుడు ఏడాదిని కొలవాల్సింది మన చాంపియన్ అమెరికా వాడికంటే ల్యాపుకి ఎన్ని సెకన్లు వెనకబడ్డాడని కాదు. మే నుంచి సెప్టెంబరు దాకా ఎన్ని గేట్లు తెరుచుకున్నాయి, ఎన్ని మూలల్లో జెండా పట్టుకుని మనిషి నిలబడ్డాడు, అదీ లెక్క. నా దృష్టిలో ఈ ఆటకి స్టార్ల కరువు లేదు. జెండా పట్టేవాళ్ళ కరువుంది.

ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు.

జూన్ మొదటివారం ఒక చిన్న ట్రాకులో లోకల్ రేసు. పేరెందుకులెండి. అమ్మాయి రేసు అయిపోయింది, నీడలో కూర్చుని పులిహోర డబ్బా విప్పుతున్నాను. నారింజ రంగు చొక్కా వేసుకున్న ఒకావిడ వచ్చి, "నీకు రెండు చేతులూ బాగున్నాయా?" అంది. బాగున్నాయన్నాను. "అయితే రా." ఐదు నిమిషాల శిక్షణ. పసుపు జెండా కదలకుండా పట్టుకుంటే జాగ్రత్త, ఊపితే ముందు ఎవరో పడ్డారు. ఎర్ర క్రాసున్న తెల్ల జెండా ఊపితే వైద్యులు ట్రాక్ మీద ఉన్నారు, ఎవరూ గాల్లోకి లేవకూడదు, దాటకూడదు. నీలం జెండా వెనకబడ్డవాడికి, పక్కకి తప్పుకోమని. అంతే, తీసుకెళ్ళి ఒక పెద్ద జంప్ పక్కన నిలబెట్టేసింది.

జంప్‌లో సంగతేంటంటే ఎక్కేవాడికి అవతల దిగేచోట ఏముందో కనపడదు. వాడి కళ్ళు నేనే. మూడో ల్యాపులో ఒక కుర్రాడు దిగేచోట ముందు చక్రం గాడిలో ఇరుక్కుని పల్టీ కొట్టాడు. బండి ఒకపక్క, వాడొకపక్క. నేను జెండా ఊపాలి. ఊపడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు, రెండు సెకన్లు కావచ్చు, నాకది ఒక పూట. ఊపాను. మొదటివాడు చూశాడు, తగ్గాడు. రెండోవాడు చూశాడు. మూడోవాడి గాగుల్స్ నిండా మట్టి, వాడు చూడలేదు. బండి మోత పెరగడం విన్నాను, తగ్గడం కాదు. ఒక అడుగు ముందుకేసి జెండాని వాడి మొహం మీదకి ఊపినంత పని చేశాను. హ్యాండిల్ కొస జెండా గుడ్డకి తగిలి కర్ర నా చేతిలోంచి ఎగిరిపోయింది. వాడు గాల్లోనే బండిని పక్కకి ఒంచి, పడ్డవాడికి మూరెడు ఎడంగా దిగాడు. పడినవాడు లేచి కూర్చుని నావంక చూసి బొటనవేలు ఎత్తాడు. నా కాళ్ళు వణికిన వణుకు సాయంత్రం కారు నడిపేటప్పుడు కూడా తగ్గలేదు.

నేను చెయ్యకూడనిది చేశాను. జెండా పట్టేవాడు ట్రాక్ వైపు అడుగెయ్యకూడదు. తర్వాత ఆ నారింజ చొక్కా ఆవిడే చెప్పింది, గట్టిగా. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ ఆ రోజు పధ్నాలుగు చోట్లకి మనుషుల్ని వెతుక్కుంటోంది, దొరికింది తొమ్మిదిమంది. కాని పులిహోర తింటున్నవాణ్ణి పట్టుకెళ్ళి ముప్ఫైమంది ప్రాణాలు చేతిలో పెట్టాల్సిరావడం ఏ ఆటకైనా ఆరోగ్యమేనా? ఈ ప్రశ్నకి మా ఆఫీసు పెద్దమనిషి దగ్గర జవాబు లేదు, ఎందుకంటే టీవీలో జెండా పట్టేవాడు కనపడడు.

మే నెల సంగతి కూడా చెప్పాలి. మే 21, శనివారం, విక్టోరియా డే సెలవులు. ఇంకో చోట ప్రాక్టీసు. పొద్దున ఆకాశం బాగానే ఉంది. ఉన్నట్టుండి అక్కడున్న అందరి ఫోన్లూ ఒకేసారి కీచుమన్నాయి, ప్రభుత్వ హెచ్చరిక. చదివేలోపే పడమట గోడలాగా నల్లగా వచ్చింది. డెరేచో అంటారట, ఆ మాట ఆ రోజే నేర్చుకున్నాను. కిచెనర్ దగ్గర గాలి గంటకి 130 కిలోమీటర్లు దాటింది. ప్రాణాలు పోయాయి, ఒట్టావాలో రోజుల తరబడి కరెంటు లేదు. మా డేరా గాల్లోకి లేచి రెండు వ్యాన్ల అవతల పడింది. అమ్మాయిని వ్యాన్లోకి తోసి నేను బండిని పట్టుకుని కూర్చున్నాను, మనిషికంటే బండి బరువన్న ఇంగితం కూడా లేకుండా. గాలి తగ్గాక ఆ ట్రాక్ యజమాని, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు రంపాలు పట్టుకుని దారికి అడ్డంగా పడిన చెట్లు కోస్తున్నారు. వచ్చే శనివారానికి గేటు తెరిచారు. దానికి ఏ ట్రోఫీ లేదు.

జూలైలో ఒక శుక్రవారం, 8వ తేదీ, రోజర్స్ అనే ఫోన్, ఇంటర్నెట్ నెట్‌వర్క్ దేశమంతా పడుకుంది. కార్డులు పనిచెయ్యలేదు, బ్యాంకులు గందరగోళం. మర్నాడు మేం వెళ్ళిన ట్రాక్ గేటు దగ్గర ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అక్కడ ఎప్పుడూ నగదే, రేకు డబ్బాలో.

ఇక గోఫర్ డ్యూన్స్ జాతీయ రౌండ్. దాన్ని మాత్రం తీరిగ్గా చెప్పాలి.

ఎండ. నీడ లేదు. ఇసుకలో చెప్పులు వేసుకుని నడిస్తే అరికాలు కాలుతుంది, బూట్లు వేసుకుని నడిస్తే బూట్లు నిండుతాయి. పొద్దున్నే ట్రాక్ చదునుగా, దువ్విన తలలా ఉంటుంది. మధ్యాహ్నానికి నడుములోతు గోతులు, వాటి మధ్య దిబ్బలు, ఒకదాని వెనక ఒకటి. ఆ దిబ్బల మీద బండి ముందు చక్రం ఆనకూడదు. ఆనితే ముక్కుమీద పడ్డట్టే. వెనక చక్రం మాత్రమే ఒక్కో దిబ్బ కొసనీ తాకుతూ పోవాలి. అందుకు యాక్సిలరేటర్ తిప్పి ఉంచాలి, భయమేసినప్పుడు ఇంకా ఎక్కువ తిప్పాలి. భయమేస్తే వదిలేసేది మనిషి చెయ్యి, ఇసుకలో వదిలినవాడు మునుగుతాడు. వెనక టైరుకి వరసగా గరిటెల్లాంటి పళ్ళుంటాయి, అవి ఎగజిమ్మే ఇసుక వెనకొచ్చేవాడి ఛాతీకి వడగళ్ళలా కొడుతుంది. ముందున్నవాడికి గాలి, వెనకున్నవాడికి ఇసుక. అందుకే పందెం మొదలుపెట్టే గేటు పడగానే మొదటి మూల దాకా అంత పెనుగులాట.

నేను మొదటి మూల దగ్గర నిలబడను. ట్రాక్ వెనకాల, జనం పలచగా ఉండేచోట నిలబడతాను. అక్కడ నా పక్కన ఒక ముసలాయన మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బెల్జియం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఈ డెల్-హై చుట్టుపక్కల పొగాకు వేసినవాళ్ళలో వాళ్ళు చాలామంది. నేను ఎక్కడివాణ్ణని అడిగాడు. ఇండియా అన్నాను. ఏం చేసేవాళ్ళు అన్నాడు. పొగాకు అన్నాను. ఆయన కుర్చీలో ఇటు తిరిగాడు. అక్కణ్ణించి పావుగంట మేం రేసు చూడలేదు. ఆకు కోసి కర్రలకి అల్లడం, బ్యారన్‌లో వేలాడదియ్యడం, ఎన్నో రోజుకి రంగు తిరుగుతుంది, ఎప్పుడు సెగ పెంచాలి, ఇవన్నీ. బేళ్ళు వేలానికి పోయాక కొనేవాడు ఒక ఆకు పీకి వాసన చూసే తీరు ఆయన చేత్తో అభినయించాడు. మా కొండపి వేలం కేంద్రంలో నేను చిన్నప్పుడు చూసిన చెయ్యే అది. ఆకు జిగురు గోళ్ళకింద నల్లగా పట్టి సబ్బుకి పోదని ఆయనంటే, ఉప్పుతో రుద్దితే కొంచెం పోతుందన్నాను. ఆయన నమ్మలేదు.

"ఈ ఇసుక ఇంకెందుకూ పనికిరాదనుకున్నాను, మావాళ్ళు పొగాకు మానేసినప్పుడు," అన్నాడు ట్రాక్ వంక చూస్తూ. అప్పుడే మా ముందునించి పదిహేనో స్థానంలోనో పదహారులోనో ఉన్న ఒక కుర్రాడు పోయాడు. మోచేతులు కిందకి వాలిపోయాయి, హెల్మెట్ అటూ ఇటూ ఊగుతోంది. ముందున్నవాళ్ళు అప్పటికే అతన్ని ఒక ల్యాపు దాటేశారు. నీలం జెండా చూసి తప్పుకుంటున్నాడు, మళ్ళీ గాడిలోకి వస్తున్నాడు. తర్వాత, బండ్లు బాగుచేసుకునే పిట్స్‌లో చూశాను అతన్ని. సొంత వ్యాను, మెకానిక్ వాళ్ళ నాన్న, వంట వాళ్ళమ్మ. వారమంతా ఎలక్ట్రీషియన్ పని, శుక్రవారం సెలవు పెట్టి వచ్చాడు. చేతులు చాచి చూపించాడు, అరచేతుల్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. సోమవారం ఆ చేతులతోనే వైర్లు లాగాలి. ఎందుకు, అని అడగాలనిపించింది, అడగలేదు. మా నాన్నని కూడా ఎవరూ అడగలేదు.

మా ఆఫీసాయన అంటాడు, ఒక్కడే గెలుస్తుంటే చూడ్డానికి ఏముంది అని. దానికి కొంతవరకు నేనూ తలొంచుతాను. రైట్ ముందుకి పోయాక మొదటి స్థానం కోసం ఉత్కంఠ తక్కువే. కాని 2001 నుంచి 2005 దాకా ఐదేళ్ళూ ఝాన్-సెబాస్టియన్ రువా ఒక్కడే టైటిల్ కొట్టినప్పుడు కూడా ఇదే మాట అనుంటారు. ఇవాళ అదే మనుషులు ఆ కాలాన్ని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. చూడ్డం నేర్చుకోవాల్సింది ఎక్కడంటే ఎనిమిది నుంచి ఇరవైదాకా ఉన్న స్థానాల్లో. అక్కడ డబ్బు లేదు, కెమెరా లేదు, పోటీ మాత్రం కత్తులతో చేసుకున్నట్టు ఉంటుంది.

పైగా ఈ దేశం వైశాల్యం ఒకసారి ఆలోచించండి. కాల్గరీ నుంచి, తూర్పున మాంక్టన్ పక్కనున్న రివర్‌గ్లేడ్ ట్రాక్‌కి రోడ్డు మీద సుమారు 4,500 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళినంత. జాతీయ సిరీస్ మొత్తం ఆడాలంటే వేసవంతా వ్యాన్లోనే కాపురం. సంవత్సరంలో సగం నేల గడ్డకట్టి ఉంటుంది, స్తోమతున్నవాడు జనవరిలో ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో పోయి సాధన చేస్తాడు, లేనివాడు టైరుకి మేకులు కొట్టుకుని చెరువు మంచుమీద తిప్పుతాడు. అమెరికావాడికి పన్నెండు నెలలూ మట్టి దొరుకుతుంది. ఇద్దర్నీ ఒక గీత మీద నిలబెట్టి స్టాప్‌వాచ్ నొక్కి, చూశావా అనడం సబబేనా? కాలవ కింద మాగాణి దిగుబడిని మెట్ట దిగుబడితో పోల్చినట్టుంటుంది.

సెప్టెంబరు చివర్లో దేశాల మధ్య పోటీ, మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్, మిషిగన్‌లోని రెడ్‌బడ్‌లో జరిగింది. మా ఇంటినుంచి నాలుగున్నర గంటల ప్రయాణం. వీధిలో సగంమంది కార్లకి మేపుల్ ఆకు జెండాలు కట్టుకుని పోయారు. నాది ఇండియన్ పాస్‌పోర్టు, అమెరికా వీసా లేదు, అపాయింట్‌మెంట్ తేదీ చూస్తే అమ్మాయి పెళ్ళి వయసుకి వచ్చేలా ఉంది. నది కిందనించి సొరంగం తవ్వి, పైనించి వంతెనలు కట్టిన సరిహద్దు, నాకు మాత్రం సముద్రమే. సోఫాలో కూర్చుని ఫోన్లో చూశాను. ఆదివారం వాన, ట్రాకంతా బురద, మడిలో దమ్ము చేసినట్టుంది. అమెరికా సొంతగడ్డ మీద గెలిచింది, ఎక్కడైనా ఈ పోటీ గెలవడం 2011 తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఫ్రాన్స్ రెండు, ఆస్ట్రేలియా మూడు. కెనడా కుర్రాళ్ళ జెర్సీలు బురదలో ఎవరివో గుర్తుపట్టలేక నేను ఎవరో పరాయి దేశంవాణ్ణి చాలాసేపు ఉత్సాహపరిచాను. మా ఆవిడ చూసి చెప్పింది.

ఇక భయం సంగతి. ఒంగోలు నుంచి మా అత్తగారు వారానికోసారి వీడియోలో అడిగే ప్రశ్న ఒకటే. "ఆడపిల్లకి ఆ బండి ఎందుకు నాయనా? డాన్సులో చేర్పించకూడదా?" నేను డాన్సులో కూడా మోకాళ్ళు పోతాయని వాదిస్తాను, కాని అది దొంగ వాదన, నాకూ తెలుసు. సస్కాచెవాన్ నుంచి వచ్చిన బ్లెయిర్ మోర్గన్ మంచుబండ్ల పందెంలో, ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో, బంగారు పతకాలు ఐదు గెలిచాడు, వేసవిలో మోటోక్రాస్‌లోనూ మేటి. 2008లో మాంట్రియాల్ సూపర్‌క్రాస్‌లో పడి వెన్నెముక దెబ్బతింది, మళ్ళీ నడవలేదు. అంతటివాడికి అలా జరిగింది. ఈ ఆట గురించి రాసేటప్పుడు ఆ పేరు రాయకుండా దాటెయ్యడం నాకు నచ్చదు. ఆగస్టులో పెద్దవాళ్ళ బిగినర్ క్లాసులో నేనే పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. గొప్పగా ఏమీ కాదు, గేటు దాటిన ఇరవై గజాల్లో, ఎవరూ తగలకుండా. ఆసుపత్రిలో చికిత్సకి బిల్లు లేదు, ఓహిప్, అంటే ఆంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా, చూసుకుంది. అంబులెన్సుకి 45 డాలర్ల చీటీ ఇంటికొచ్చింది. ఎమర్జెన్సీలో ఆరుగంటలు కూర్చోబెట్టారు, ఒంటిమీద ఇసుక రాలి కుర్చీకింద చిన్న కుప్ప అయింది, తుడిచే అతను వచ్చి రెండుసార్లు నావంక చూశాడు.

అందుకే అంటున్నాను, ప్రమాదాన్ని పూర్తిగా తియ్యలేని ఆటలో మనం తియ్యగలిగిన ప్రమాదం ఒకటుంది, అది జెండా లేని మూల. అభిమానులం ఏం అడుగుతున్నాం? పెద్ద తెర, అమెరికా నుంచి ఇద్దరు పేరున్నవాళ్ళు, ఇంకా మంచి ప్రసారం. ఒక్క సీజన్ ఆ కోరికలు పక్కనపెట్టి ఇంకోటి అడుగుదాం. లైసెన్సు తీసుకునే ప్రతి కుటుంబం ఏడాదిలో ఒక రోజు జెండా పట్టాలి, పట్టకపోతే దానికి సరిపడా రుసుం కట్టాలి, ఆ డబ్బుతో పట్టేవాళ్ళకి కూలీ ఇవ్వాలి, ఐదు నిమిషాలు కాదు, ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఈ మాట ఒక పిట్స్ మీటింగులో అన్నాను. "మేం డబ్బు కట్టి రేసుకొస్తున్నాం, చాకిరీ చెయ్యడానికి కాదు" అన్నాడొక తండ్రి. న్యాయమే. కాని అతని కొడుకు జంప్ అవతల పడినరోజు అక్కడ ఎవరు నిలబడి ఉండాలో అతన్నే చెప్పమన్నాను. కొందరు తలూపారు, కొందరు కాఫీ తెచ్చుకోవడానికి లేచారు. తీర్మానం ఏమీ కాలేదు.

సీజన్ ముగింపు ఆగస్టులో వాల్టన్‌లో. అక్కడ వారమంతా పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరి గ్రాండ్ నేషనల్ పోటీలు, ట్రాన్స్‌కాన్ అంటారు, చివర్న ప్రొఫెషనల్స్. మొక్కజొన్న తలెత్తు పెరిగి ఉంటుంది, చేల మధ్య డేరాల ఊరు వెలుస్తుంది. మన తిరనాళ్ళే. 50 సీసీ బండ్లమీద నాలుగేళ్ళవాళ్ళు గేటు దగ్గర వరసగా, తండ్రులు వెనకనించి సీటు పట్టుకుని. గేటు పడగానే ఒకడు ముందుకి పోకుండా తండ్రివైపు తిరిగి టాటా చెప్పాడు. మా అమ్మాయి 65 క్లాసులో వెనకనించి నాలుగోది. ఒక రేసులో చివర్నించి మూడోది. దిగగానే అడిగింది, "నాన్నా, నీలం జెండా ఊపిన అంకుల్ నాకు ఊపాడా, నా వెనక అమ్మాయికా?" నీకే తల్లీ అన్నాను. "అయితే బాగానే తప్పుకున్నానా?" అంది. బాగానే తప్పుకుంది.

అమ్మాయి ఎదిగిపోయింది, ఆ 65 బండి ఇక సరిపోదు. మొన్న పాత సామాన్లు అమ్ముకునే కిజిజి సైటులో పెట్టాను. ఎయిల్మర్ వైపు నుంచి ఒకాయన కొడుకుని తీసుకుని వచ్చి చూశాడు, చెయిన్ లాగి చూశాడు, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి వేలితో లోపల తుడిచి చూశాడు. వేలికి ఇసుక అంటింది. "గోఫర్ డ్యూన్సా?" అన్నాడు. మూడుసార్లు కడిగానన్నాను. అది పోదు అన్నాడు, యాభై డాలర్లు తగ్గించి పట్టుకుపోయాడు.

అమ్మాయి బూట్లు దులిపితే ఇంకా రాలుతోంది. మా ఆవిడ దాన్ని పారెయ్యకుండా, కిటికీ దగ్గర పెట్టిన కరివేపాకు కుండీలో మట్టి గట్టిపడిపోయిందని అందులో కలిపింది. మొక్క బతికే ఉంది. చిగురు మాత్రం ఇంకా వెయ్యలేదు.